అడవి పనుల టెక్నాలజీలో సర్కారు సైంటిస్టు ఉద్యోగం: సిరొంచ, రాయగడ వైపు పిల్లలు ఎటు నుంచి వెళ్లాలి?

ప్రాణహిత_మామయ్య (సిరొంచ)
అందరికీ నమస్కారం. మా మేనకోడలు అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతోంది. పదో తరగతి దాకా మరాఠీ మీడియం, ఇంట్లో తెలుగు, ఇప్పుడు కాలేజీలో ఇంగ్లీషు. ఈ మధ్య ఒకటే పట్టు పట్టింది, అడవి పనుల టెక్నాలజీలో రీసెర్చ్ సైంటిస్టు అవుతానంటోంది. చెట్లు కోసే యంత్రాలు, దుంగల్ని కూపు (కోతకి గీసిన అడవి ముక్క) నుంచి రోడ్డు దాకా లాగే పద్ధతులు, అడవిలో వేసే దారులు, పనివాళ్ల భద్రత, వీటి మీద పరిశోధన అన్నమాట. అమెరికా, కెనడాల్లో ప్రభుత్వమే ఇలాంటి సీనియర్ సైంటిస్టుల్ని పెట్టుకుంటుందట. మా బావ కూపు పనికి వెళ్తూ దుంగ దొర్లి మోకాలు పోగొట్టుకున్నాడు, కాబట్టి పిల్లకి ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో నాకు బాగానే తెలుసు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం డీఎఫ్ఓ అవ్వమంటున్నారు. మన దేశంలో అలాంటి పోస్టు ఉందా? ఉంటే ఏం చదవాలి? బయటి దేశాల్లో మనవాళ్లని తీసుకుంటారా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

డిపో_మనిషి (బల్లార్షా)
మామయ్యగారూ, పిల్లకి ముందుగా నా అభినందనలు చెప్పండి. నేను కలప మధ్యలోనే పెరిగాను. అయోధ్య గుడి తలుపులకు 2023లో మా బల్లార్షా నుంచి టేకు వెళ్లినప్పుడు ఊరంతా పండగ చేసుకున్నాం. కానీ ఆ దుంగ నిలబడి ఉన్న చెట్టు నుంచి డిపో దాకా ఎలా వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. మార్కింగ్ చేస్తారు, కోస్తారు, కొమ్మలు కొడతారు, ముక్కలు చేస్తారు, లాగుతారు, లారీకి ఎక్కిస్తారు, డిపోలో దింపి లాట్లు పెడతారు. వీటిలో ఒక్కో మెట్టు దగ్గర ఎంత కలప పాడవుతోంది, ఎంత టైం పోతోంది, మనిషికి ఎంత దెబ్బ తగులుతోంది అని కొలిచి, మెరుగైన దారి చూపించేదే ఆ సైంటిస్టు పని అని నాకు అర్థమైంది.

ఒక్క విషయం చెప్తా. మన దగ్గర దుంగ కొలత ఇప్పటికీ చాలా చోట్ల పాత పద్ధతే: నడుమ చుట్టుకొలత తీసి, దాన్ని నాలుగుతో భాగించి, వర్గం చేసి, పొడవుతో గుణిస్తాం. దుంగ నిండు గుండ్రంగా ఉందనుకుంటే అసలు ఘనపరిమాణంలో ఇది దాదాపు 78.5 శాతమే చూపిస్తుంది. వ్యాపారంలో అందరికీ తెలిసిన లెక్క కాబట్టి ఎవరికీ పేచీ లేదు. కానీ యంత్రం గంటకు ఎన్ని ఘనమీటర్లు కోసింది, ఎంత డీజిల్ తాగింది అని పరిశోధన చేసేవాళ్లు ఈ లెక్క వాడితే మొత్తం తప్పుతుంది. పిల్ల ఇలాంటివి ఇప్పటి నుంచే పట్టుకుంటే మంచిది.

గుణుపురం_అక్క (ఇప్పుడు ఫిన్‌లాండ్)
మామయ్యగారూ నమస్తే. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఒడియా మీడియంలో చదివి, అగ్రి ఇంజినీరింగ్ చేసి, ఇప్పుడు అటవీ యంత్రాల మీదే పీహెచ్‌డీ చేస్తున్నా. కాబట్టి మీ మేనకోడలి దారి నాకు కొత్త కాదు. బయటి దేశాల సంగతి నేను రాస్తాను, మన దేశం సంగతి డెహ్రాడూన్‌లో చదివినవాళ్లు ఎవరైనా రాస్తే బాగుంటుంది.

అమెరికాలో ఈ పని వాళ్ల ఫారెస్ట్ సర్వీస్ పరిశోధన విభాగంలో ఉంటుంది. అలబామాలోని ఆబర్న్‌లో ఫారెస్ట్ ఆపరేషన్స్ మీద ఒక పరిశోధన బృందం చాలా కాలంగా పనిచేసింది, అక్కడి యూనివర్సిటీతో కలిసి. అక్కడ దక్షిణాదిలో ఎక్కువగా పైన్ తోటలు. చెట్టుని పట్టుకుని మొదలు దగ్గర కోసే ఫెల్లర్ బంచర్, గుత్తిగా పట్టి ఈడ్చే గ్రాపుల్ స్కిడ్డర్, ఇవి అక్కడి రోజువారీ యంత్రాలు. ఫెడరల్ జీతాల పట్టిక జీఎస్-1 నుంచి జీఎస్-15 దాకా ఉంటుంది, పీహెచ్‌డీ ఉన్న పరిశోధకులు సాధారణంగా 11, 12 దగ్గర చేరతారు, సీనియర్ సైంటిస్టు అంటే 14, 15. ఇక్కడ గమనించాల్సింది, పై పోస్టు ఖాళీ అయితేనే ప్రమోషన్ అనే లెక్క వాళ్లకు లేదు. కొన్నేళ్లకు ఒకసారి తోటి శాస్త్రవేత్తల ప్యానెల్ కూర్చుని, నువ్వు ఎంత కష్టమైన సమస్య తీసుకున్నావు, ఎంత స్వతంత్రంగా చేశావు, ఎంత కొత్తగా ఆలోచించావు, నీ పని వల్ల ఏం మారింది అని చూస్తుంది. ఆ చివరి దానికి బరువు ఎక్కువ. పేపర్ల సంఖ్య పెంచుకుంటూ పోతే చాలదు, నీ ఫలితాన్ని అడవిలో ఎవరు వాడుతున్నారో చూపించాలి. అయితే ఆ ఫెడరల్ ఉద్యోగాలు సాధారణంగా అమెరికా పౌరులకే. మనవాళ్లకు అక్కడ యూనివర్సిటీ వైపు నుంచే దారి.

ఫిన్‌లాండ్‌లో లూకే అని ప్రభుత్వ సంస్థ ఉంది, 2015లో పాత అటవీ పరిశోధన సంస్థ మెట్లాని మరికొన్నిటితో కలిపి ఏర్పాటు చేశారు. స్వీడన్‌లో స్కూగ్‌ఫోర్స్క్ ఉంది, దానికి ప్రభుత్వం, పరిశ్రమ రెండూ డబ్బు ఇస్తాయి. ఇక్కడ హార్వెస్టర్ చెట్టుని పట్టుకుని, కోసి, కొమ్మలు ఒలిచి, పొడవు, వ్యాసం కొలుస్తూనే ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్క వివరం కంప్యూటర్‌లోకి వెళ్తుంది. ఆ డేటా ఏ కంపెనీ యంత్రం నుంచి వచ్చినా ఒకే పద్ధతిలో ఉండాలని స్టాన్‌ఫోర్డ్ అనే ప్రమాణం పెట్టుకున్నారు (యూనివర్సిటీ అనుకోకండి, ఇది వేరు). డిపో అన్న చెప్పిన కొలత బాధ ఇక్కడ యంత్రమే తీర్చేస్తోంది.

మోటు_సీలేరు (మల్కన్‌గిరి)
అందరూ యంత్రాలు యంత్రాలు అంటున్నారు, నాకు మాత్రం భయంగా ఉంది. మా మోటు, కలిమెల వైపు వెదురు, తునికాకు, కట్టెల మీద బతికే ఇళ్లు ఎన్నో. ఒక యంత్రం వచ్చి పదిమంది పని చేస్తే ఆ పదిమంది ఎటు పోవాలి? మద్రాసు, హైదరాబాదు ఇటుక బట్టీలకా? ఇప్పటికే పోతున్నారు. ఆ చదువు చదివిన పిల్ల రేపు మనవాళ్ల నోటి దగ్గర కూడు తీసే యంత్రం తెస్తే ఏం లాభం? కోపంతో రాయడం లేదు, నిజంగానే అడుగుతున్నా.

గుణుపురం_అక్క (ఇప్పుడు ఫిన్‌లాండ్)
అన్నా, నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఫిన్‌లాండ్ యంత్రాన్ని తెచ్చి మల్కన్‌గిరి కొండ మీద పెట్టడం ఈ శాస్త్రం కాదు. ఇక్కడ కూలి చాలా ఖరీదు, మనుషులు దొరకరు, తోట అంతా ఒకే రకం చెట్టు, శీతాకాలంలో నేల గడ్డకట్టి యంత్రం బరువు ఆపుకుంటుంది. మన దగ్గర ఈ నాలుగూ లేవు. అందుకే మన దగ్గర ప్రశ్న వేరుగా ఉండాలి: అదే మనిషి, అదే పని, నడుం విరగకుండా ఎలా చేస్తాడు? రంపం పిడి ఎలా ఉండాలి, వెదురు మోపు ఎంత బరువు దాటకూడదు, దుంగని ఎత్తకుండా దొర్లించడానికి ఏ కొక్కెం వాడాలి. ఎర్గోనామిక్స్ అంటారు, ఇది కూడా ఈ సబ్జెక్టులోనే పెద్ద భాగం. అటవీ పరిశోధనా సంస్థల అంతర్జాతీయ సమాఖ్య ఐయూఎఫ్ఆర్ఓలో మూడో డివిజన్ మొత్తం అటవీ పనులదే, పనివాళ్ల ఆరోగ్యం, భద్రత కూడా దాని కిందే వస్తాయి.

కూపు_మేస్త్రి (ఆలాపల్లి)
నేను పెద్దగా చదువుకోలేదు, మా అబ్బాయి టైప్ చేస్తున్నాడు. చెట్టు కోసేటప్పుడు ముందు దాని వాటం చూడాలి, ఎటు ఒరిగి ఉంది, కొమ్మల బరువు ఎటు ఉంది, గాలి ఎటు. పడాల్సిన వైపు ముందు గాటు పెట్టాలి, మందంలో నాలుగో వంతు, మూడో వంతు దాకా. తర్వాత వెనక నుంచి ఆ గాటు కంటే కొంచెం పైకి కోత వెయ్యాలి. మధ్యలో కొంత కర్ర కొయ్యకుండా వదలాలి. ఆ కాస్త కర్రే చెట్టుని పట్టుకుని మెల్లగా వంచుతుంది. తొందరపడి దాన్ని కూడా కోసేస్తే చెట్టు ఎటు తిరుగుతుందో దేవుడికే తెలుసు, మొదలు ఎగిరి ఛాతీకి తగిలినవాళ్లని చూశాను. కొత్త కుర్రాళ్లకి చైన్‌సా ఇచ్చేస్తున్నారు, ఇవి ఎవరూ నేర్పడం లేదు. హెల్మెట్ లేదు, చెవులకి ఏమీ లేదు, కాళ్లకి చెప్పులు. ఆ సైంటిస్టు ఎవరో వచ్చి ఇది నేర్పిస్తానంటే కూపులో కుర్రాళ్లందరినీ నేనే పిలిచి కూర్చోబెడతా.

ఇంకోటి. కమలాపూర్‌లో ఏనుగులు ఉన్నాయి చూశారా, ఇప్పుడు జనం చూడ్డానికి వెళ్తున్నారు. ఒకప్పుడు వాటితో దుంగలు లాగించేవారు. ఏనుగు చెట్ల మధ్య నుంచి వంకర తిరిగి వస్తుంది, పక్క మొక్కని తొక్కదు. ట్రాక్టర్ అయితే తిరగడానికి చోటు కావాలి, అక్కడ పిల్ల చెట్లన్నీ పోతాయి.

డూన్_పాతకాపు (ప్రస్తుతం చంద్రపూర్)
మేస్త్రిగారు రాసింది బంగారం. ఆయన చెప్పిన ఆ కొయ్యకుండా వదిలే కర్ర మందం చెట్టు మందంలో సుమారు పదో వంతు ఉండాలని పాఠాల్లో చెప్తారు. ట్రాక్టర్ మాట కూడా నిజమే. ఒకే దారిలో యంత్రం మొదటి కొన్ని సార్లు తిరిగినప్పుడే నేల గట్టిపడటంలో ఎక్కువ భాగం జరిగిపోతుంది, తర్వాత ఎన్నిసార్లు తిరిగినా పెరిగేది తక్కువ. అందుకే యంత్రాన్ని కూపంతా తిప్పకుండా ముందే కొన్ని దారులు గీసి వాటి మీదే తిప్పమంటారు. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడైతే అసలు దింపకూడదు.

ఇప్పుడు మామయ్యగారి ప్రశ్నకు. ఇక్కడ అడవి పనుల సైంటిస్టు అని విడిగా బోర్డు పెట్టుకున్న పోస్టు దొరకడం కష్టం. 1960లలో ఐక్యరాజ్య సమితి సాయంతో డెహ్రాడూన్ కేంద్రంగా లాగింగ్ శిక్షణ కేంద్రాలు పెట్టారు, మంచి రంపాలు, కేబుల్ క్రేన్లు అన్నీ నేర్పారు. తర్వాత దేశం దారి మారింది. 1988 అటవీ విధానం అడవిని ఆదాయం కోసం చూడొద్దు, పర్యావరణం ముందు అంది. 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో వర్కింగ్ ప్లాన్ (ఎక్కడ, ఎంత కోయాలో చెప్పే ప్రణాళిక) లేకుండా చెట్టు కొట్టొద్దంది. రెండూ అవసరమైనవే, నేను తప్పు పట్టను. కానీ దానితో పాటు కోత మీద పరిశోధన కూడా వెనకబడింది, కోత మాత్రం ఆగలేదు. అటవీ అభివృద్ధి సంస్థల టేకు తోటలు, రైతుల నీలగిరి, సరుగుడు, సుబాబుల్, అన్నీ ఎవరో ఒకరు కోస్తూనే ఉన్నారు కదా.

మరి దారి ఏంటంటే రెండు తలుపులు కనిపిస్తున్నాయి. మొదటిది ఐసీఎఫ్ఆర్ఈ (భారత అటవీ పరిశోధన, విద్యా మండలి), డెహ్రాడూన్ కేంద్ర కార్యాలయం. దాని కింద ఎఫ్ఆర్ఐ (అటవీ పరిశోధనా సంస్థ), జబల్‌పూర్, కోయంబత్తూర్, బెంగళూరు, మన హైదరాబాద్ దూలపల్లి వంటి చోట్ల సంస్థలు ఉన్నాయి. సైంటిస్టు-బిగా చేరితే ఏడో వేతన సంఘం పట్టికలో లెవెల్ 10, మూల వేతనం 56,100తో మొదలు. అక్కడ నుంచి సి, డి, ఇ, ఎఫ్, జి దాకా. జి అంటే లెవెల్ 14, 1,44,200 నుంచి. అక్క చెప్పినట్టు ఇక్కడ కూడా ఖాళీ కోసం కాచుకోవక్కర్లేదు, నిర్ణీత ఏళ్ల తర్వాత పనిని అంచనా వేసి పైకి పంపుతారు. ప్రకటన వచ్చినప్పుడు ఏ సబ్జెక్టు అడిగారో చూసుకోవాలి, ఇంజినీరింగ్ వాళ్లకు ప్రతిసారీ చోటు ఉండదు.

రెండోది మీ పిల్లకు దగ్గర దారి. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వ్యవసాయ పరిశోధన సర్వీసు. ఫార్మ్ మెషినరీ అండ్ పవర్‌లో పై చదువు చదివి, ఏ డిగ్రీ దాకా అడిగారో ప్రకటనలో చూసుకుని, నియామక బోర్డు ఏఎస్ఆర్‌బీ పరీక్ష రాయాలి. భోపాల్‌లో కేంద్ర వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ, సీఐఏఈ, 1976 నుంచి ఉంది, పనిముట్ల ఎర్గోనామిక్స్ మీద దేశంలో గట్టి పని చేసింది వాళ్లే. ఝాన్సీలో ఆగ్రోఫారెస్ట్రీ సంస్థ ఉంది. రైతు పొలంలో చెట్టు కోత, బెరడు ఒలవడం, మోత, ఇవన్నీ అక్కడ నుంచి చేయొచ్చు.

డీఎఫ్ఓ సంగతి: అటవీ సర్వీసు ఐఎఫ్ఎస్‌కు ఇంజినీరింగ్ డిగ్రీ సరిపోతుంది, యూపీఎస్సీ పరీక్ష. కానీ అది అడవిని నడిపే ఉద్యోగం. పిల్లకి రంపం ఎందుకు అదురుతోందో తెలుసుకోవాలని ఉంటే ఆ కుర్చీలో టైం దొరకదు.

జైకేపురం_బాబు (రాయగడ)
పొలం చెట్ల మాట వచ్చింది కాబట్టి నేనూ రాస్తా. మా చుట్టుపక్కల పేపర్ మిల్లు ఉంది కాబట్టి నీలగిరి, సరుగుడు రైతులే ఎక్కువ. కోత దగ్గర అసలు కష్టం బెరడు. కోసిన వెంటనే అయితే పచ్చి మీద సులువుగా వస్తుంది, రెండు మూడు రోజులు ఆగితే కర్రకి అతుక్కుపోతుంది, ఆడవాళ్లు ఎండలో కూర్చుని కత్తితో గీకాలి. ట్రాక్టర్‌కి తగిలించే బెరడు యంత్రాలు కొన్ని చోట్ల వచ్చాయి, కానీ సన్న కర్ర వేస్తే విరుగుతోంది, లావు కర్ర వేస్తే సగం బెరడు ఉండిపోతోంది. ఎంత మందం కర్రకి ఎంత వేగం పెట్టాలో చెప్పేవాడు లేడు. దానికి ఒక సైంటిస్టు ఉంటే మాకు చాలా మేలు.

బెరడు పొలంలోనే ఉండిపోతే నేలకి మంచిదని మా నాన్న అంటాడు, నిజమేనా?

డూన్_పాతకాపు (ప్రస్తుతం చంద్రపూర్)
నిజమే బాబూ. బెరడు, ఆకులు, సన్న కొమ్మల్లో కాల్షియం లాంటి పోషకాలు ఎక్కువ. అవి బయటికి పోకపోతే తర్వాతి పంటకు నష్టం తక్కువ. నాన్నగారి మాట వినండి.

మోటు_సీలేరు (మల్కన్‌గిరి)
అక్కా, డూన్ గారూ, మీరు రాసింది చదివాక కొంచెం నెమ్మదించాను. కానీ పనిముట్టు బాగుపడితే కూలి రేటు తగ్గించేస్తారు కదా? ముప్పై మోపులు కట్టేవాడు నలభై కడితే మోపుకి ఇచ్చేది తగ్గిస్తారు. అప్పుడు లాభం కాంట్రాక్టరుది.

డూన్_పాతకాపు (ప్రస్తుతం చంద్రపూర్)
అది జరుగుతుంది, కాదనను. అందుకే ఎవరి చేతిలో అడవి ఉందన్నది ముఖ్యం. మా గడ్చిరోలి జిల్లా ధానోరా తాలూకాలో మెంఢా లేఖా ఊరు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరికే సామూహిక హక్కు వచ్చింది, 2011 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి జైరాం రమేశ్ వచ్చి వెదురు రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభకే అప్పగించారు. అక్కడ వెదురు కోసేవాళ్లూ ఊరివాళ్లే, అమ్మేదీ గ్రామసభే. అలాంటి చోట పని సులువైతే ఆ మేలు మధ్యలో ఎవరికీ పోదు, కోసినవాడికే దక్కుతుంది. పిల్ల పరిశోధన అలాంటి ఊళ్ల కోసం మొదలుపెడితే నీ భయానికి సగం జవాబు దొరికినట్టే. మిగతా సగం కూలి రేటు కొట్లాట, అది శాస్త్రం తీర్చేది కాదు, మనమే తీర్చుకోవాలి.

ప్రాణహిత_మామయ్య (సిరొంచ)
ఇంత ఓపికగా రాసినందుకు ఏమని చెప్పాలో తెలియడం లేదు. అన్నీ చదివి వినిపించాను, మా బావ కూడా కూర్చుని విన్నాడు. పిల్ల తనే రాస్తానంటోంది.

ప్రాణహిత_మామయ్య (సిరొంచ)
నమస్తే, నేను వాళ్ల మేనకోడల్ని, మామయ్య అకౌంట్ నుంచే రాస్తున్నా. వచ్చే ఏడాది నాకు ప్రాజెక్టు ఉంది. డ్రోన్ మీద చేయమని మా సార్ అన్నారు, అది అందరూ చేస్తున్నారు. కూపులో దుంగల లోడింగ్ మీద చేస్తే ఒప్పుకుంటారా? దేన్ని కొలవాలి? నాకు తెలుగు రాయడం స్కూల్లో నేర్పలేదు, ఇంట్లో అమ్మ నేర్పింది, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

గుణుపురం_అక్క (ఇప్పుడు ఫిన్‌లాండ్)
తల్లీ, చక్కగా రాశావు. ప్రాజెక్టు లోడింగ్ మీదే చెయ్. ఈ సబ్జెక్టులో పునాది టైం స్టడీ. లారీకి దుంగ ఎక్కించడాన్ని ముక్కలుగా విడదియ్యి: దుంగ దగ్గరికి నడక, కొక్కెం లేదా తాడు వేయడం, దొర్లించడం, వాలు కర్రల మీదుగా ఎక్కించడం, పైన సర్దడం, ఖాళీగా వెనక్కి రావడం. ఒక్కో దానికి స్టాప్‌వాచ్. ఆగిపోయిన టైం విడిగా రాయి, ఎందుకు ఆగిందో కూడా: నీళ్లు తాగడమా, తాడు తెగడమా, లారీ రాకపోవడమా. ఈ రెండూ కలిపేస్తే డేటా దేనికీ పనికిరాదు. ప్రతి దుంగకి పొడవు, నడుమ చుట్టుకొలత రాసుకో, అసలు ఘనపరిమాణం లెక్కకట్టు, డిపో లెక్క పక్కన పెట్టు. ఛాతీకి కట్టుకునే పల్స్ బెల్ట్ మీ కాలేజీ ల్యాబ్‌లో ఉంటే, ఒప్పుకున్న పనివాళ్లకి పెట్టి గుండె వేగం తియ్యి. వాళ్ల అనుమతి ముందు అడుగు, ఎందుకో తెలుగులోనే చెప్పు, పేర్లు ఎక్కడా రాయకు. వాచీ పట్టుకున్న మనిషిని చూస్తే ఎవరైనా వేగం పెంచుతారు, అందుకే మొదటి రోజు కొలతలు లెక్కలోకి తీసుకోకు.

చదవడానికి క్రొయేషియన్ జర్నల్ ఆఫ్ ఫారెస్ట్ ఇంజినీరింగ్ డబ్బు కట్టకుండా నెట్‌లో దొరుకుతుంది. కొండ ప్రాంతాల్లో చిన్న యంత్రాలతో, గుర్రాలతో లాగడం మీద కూడా అందులో వ్యాసాలున్నాయి, మన పరిస్థితికి అవే దగ్గర. ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు. నాకూ ఒడియా మీడియమే, రాస్తూ రాస్తూ వస్తుంది. ముందు డేటా శుభ్రంగా ఉండాలి.

కూపు_మేస్త్రి (ఆలాపల్లి)
అమ్మా, లోడింగ్ కొలిచేటప్పుడు దుంగకి కింది వైపు నిలబడకు. ఎప్పుడూ పక్కకి, ఎత్తు మీద. నాన్నని అడుగు, ఆయనకి తెలుసు.

డిపో_మనిషి (బల్లార్షా)
అమ్మాయీ, కాలేజీ లెటర్‌హెడ్ మీద గైడ్ సంతకంతో డివిజన్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టు, ఏ డిపోలో, ఏ నెలల్లో, ఏం కొలుస్తావో స్పష్టంగా రాయి. ఫోటోలు తీస్తావా లేదా అన్నది కూడా రాయి, దాని దగ్గరే అనుమతి ఆగుతుంది. వానలు తగ్గాక కూపు పని మొదలవుతుంది, నవంబర్ నుంచి సరుకు రావడం పెరుగుతుంది, అప్పుడు వస్తే నీకు కొలవడానికి కావలసినన్ని లారీలు. కాపీ ఒకటి నాకు మెసేజ్‌లో పంపు, తప్పులుంటే పెట్టకముందే చెప్తా.

జైకేపురం_బాబు (రాయగడ)
చెల్లెమ్మా, బల్లార్షా పని అయ్యాక బెరడు యంత్రం కూడా చూడు. మా నాన్న తోట వచ్చే వేసవిలో కోతకి వస్తుంది. ఉండటానికి మా ఇల్లు ఉంది, అమ్మ చూసుకుంటుంది. మీ సార్‌ని కూడా తీసుకురా.